కుక్క తినని ముద్ద

ఏటూరునాగారం గుట్టల్లో దారి తప్పి, నా తెలివితో నేనే బయటపడ్డానని ఇన్నేళ్లూ ఆఫీసులో చెప్పుకున్నాను. అది అబద్ధం.

ఎనభైల మొదట్లో, చలి మొదలైన రోజుల్లో, సెలవు పెట్టి ఒక్కణ్నే వెళ్లాను. గుట్ట కింది గూడెంలో పెంటయ్య అనే ముసలాయన తన నల్లకుక్కను తోడిచ్చాడు. "అది ఆగిన కాడ నువ్వు గూడ ఆగు సారూ" అన్నాడు.

బాట వదిలి పైకెక్కాక మంచు కమ్మింది. ఒకచోట కుక్క అడ్డంగా నిలబడి కదల్లేదు. విసుగొచ్చి చేతికర్రతో దాని కాలి మీద కొట్టాను. అది పక్కకు తప్పుకుంది. రెండడుగులు వేసేసరికి ఎదురుగా లోయ. వెనక్కి తిరిగాను. అది కుంటుతూనే ముందు నడిచి నన్ను గూడెం చేర్చింది.

పెంటయ్య ఆకులో జొన్నగటక పెట్టి ఇచ్చాడు. నోట్లో పెట్టుకోబోతుంటే ఆపాడు.

"ముందుగాల నీ చేత్తోని దానికి పెట్టు సారూ. గుట్ట దించింది తిన్నంకనే మనం తినుడు. మా ఇంట్ల గంతే."

ముద్ద చాపాను. కుక్క నా చేతిని చూసి వెనక్కి జరిగింది.

"దీని కాలుకేమైంది సారూ?"

"రాళ్ల మీద జారింది. అలిసిపోయిందేమో, తినట్లేదు."

పెంటయ్య నా చేతిలో ముద్ద తీసుకుని తనే పెట్టాడు. కుక్క వెంటనే తినేసింది. ఆయన చాలాసేపు దాని కాలు నిమిరాడు.

"ఇగ తిను సారూ" అన్నాడు, నా వైపు చూడకుండానే.

వాళ్లిద్దరికీ వీపు తిప్పి కూర్చుని తిన్నాను.