పొత్తిగుడ్డల కోసం మంగళగిరి

టెర్లిన్ చొక్కా కనిపెట్టినవాడు బెజవాడ వచ్చి ఉండడు. వచ్చినా ఎండాకాలంలో వచ్చి ఉండడు. డెబ్బైల్లో మా కాలేజీ స్టాఫ్‌రూములో అందరం అవే తొడిగేవాళ్ళం. ఇస్త్రీ అక్కర్లేదు, ముడత పడదు, చిరగదు. చెమట మాత్రం పీల్చదు. రెండో పీరియడు అయ్యేసరికి ఒంటికి మైకా కాగితం చుట్టుకున్నట్టుండేది. "ఎన్నేళ్ళు తొడిగినా చిరగదండీ" అని ఒకరికొకరం చెప్పుకుని తృప్తిపడేవాళ్ళం. మగవాళ్ళకి టెర్లిన్, ఆడవాళ్ళకి నైలెక్స్. ఇళ్ళల్లో పాతబట్ట అనేది పుట్టడం మానేసింది.

దానివల్ల నష్టమేమిటో మూడో బిడ్డ కడుపున పడ్డాక గాని మాకు తెలియలేదు.

నాకప్పుడు నలభై నాలుగు. మా ఆవిడకి ముప్ఫై ఎనిమిది. అమ్మాయికి పదిహేడు నిండాయి, ఇంటర్మీడియట్ ఫస్టుక్లాసులో ప్యాసయింది. అబ్బాయి ఏడో క్లాసు. పన్నెండేళ్ళుగా ఏ అలికిడీ లేని ఇల్లు. పైగా నేను అర్థశాస్త్రం లెక్చరర్ని. జనాభా సమస్య మీద నా పాఠానికి పక్క సెక్షన్ల వాళ్ళు కూడా వచ్చి కూర్చునేవారు, జోకులు బాగుంటాయని. ఆ జూన్‌లో కాలేజీ తెరవగానే ఆ పాఠాన్ని మా జూనియర్‌కి అప్పగించాను, గొంతు బాగాలేదని చెప్పి. ఆ ఒక్క పాఠానికే గొంతు బాగుండకపోవడమేమిటని ఆయన అడగలేదు. మంచివాడు.

పసిబిడ్డ వస్తుందంటే మా వైపు చేసుకునే ఏర్పాటు చాలా తక్కువ. పుట్టకముందు కొత్తబట్ట కొనకూడదు, చొక్కా కుట్టకూడదు, ఉయ్యాల ఇంటికి తేకూడదు. కావలసిందల్లా పొత్తిగుడ్డలు, అంటే ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడ్డ పాత నూలుచీరలు, పంచెలు. అవి ఎంత ఎక్కువుంటే అంత మంచిది. ఏ ఇంట్లోనైనా ట్రంకుపెట్టె అడుగున ఓ మూట ఉండనే ఉండేది.

మా ఇంట్లోనూ ఉండేది. రెండేళ్ళ క్రితం స్టీలు సామాన్ల ఆమె మా వీధిలోకి వచ్చినప్పుడు మా ఆవిడ ఆ మూట మొత్తం ఇచ్చేసి పెద్ద స్టీలు బేసిను తీసుకుంది. నేను పక్కనే నిలబడి, "ఇంక మనింట్లో పురుళ్ళు లేవని గెజెట్లో వేయించినట్టేనన్నమాట" అన్నాను. ఆవిడ నవ్వింది. స్టీలు సామాన్ల ఆమె కూడా నవ్వింది.

ఇప్పుడు ఆ బేసిన్లో దోసెలపిండి పొంగుతోంది. పెట్టెలో ఏమీ లేదు.

"పక్కవాళ్ళని అడుగుదామా?" అన్నాను.

"అడిగితే ఎందుకంటారు. చెప్పాలి" అంది మా ఆవిడ. "వాళ్ళకి చెప్పేముందు పెద్దదానికి చెప్పాలి. మీరు చెప్పండి."

"నేనా? ఇలాంటివి తల్లులు చెబుతారు."

"నాకు నోరు రావడం లేదండీ. అది నా చీరలు కట్టుకుంటోంది ఇప్పుడు."

ఇద్దరికీ నోరు రాలేదు గనక పిల్లలకి గ్యాస్ ట్రబుల్ అని చెప్పాం. మా ఆవిడ గంజి పెట్టిన చీర వెడల్పుగా కట్టి, పమిట చుట్టూ తిప్పి కప్పుకుని, ఉక్కపోతలో వంటింట్లోనే కూర్చునేది. సాయంత్రం డాబా మీదికి పోయి గాలికి కూర్చోవడం మానేసింది, పేరంటాలకి వెళ్ళడం మానేసింది. నేను మాత్రం కాలేజీకి వెళ్ళి ఎప్పట్లాగే జోకులు వేసి వచ్చేవాణ్ణి. సిగ్గు ఇద్దరిదీ అని నేను అనుకునేవాణ్ణి గాని, ఉక్కపోత అంతా ఆవిడదే.

అమ్మాయి గ్యాస్ ట్రబుల్‌ని నమ్మింది. రోజూ పొద్దున్నే వాము నీళ్ళు కాచి తల్లికి ఇచ్చేది. కింది పంపు దగ్గర్నుంచి బిందెలు తనే మోసుకొచ్చేది, తల్లిని వంగనిచ్చేది కాదు. పిల్లకి బుద్ధి వచ్చిందని సంతోషించాను. నా తెలివి అంతవరకే.

దానికి గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో బీఎస్సీ సీటు వచ్చింది. హాస్టల్లో ఉండి చదవాలి. మా వంశంలో ఇల్లు వదిలి చదవబోయే మొదటి ఆడపిల్ల అదే. ఈ సంగతి నేను స్టాఫ్‌రూములో రెండుసార్లు, చుట్టాలందరి దగ్గరా తలా ఒకసారీ చెప్పి ఉన్నాను. చేరే రోజు దగ్గర పడుతోంది. అది ఒకటి రెండుసార్లు, "నాన్నా, గుంటూరెప్పుడు వెళ్దాం?" అని అడిగింది. "చూద్దాంలే" అన్నాను. చూద్దామనడంలో ఉన్న సుఖం ఏమిటంటే, చూడనక్కర్లేదు.

చివరికి ఓ ఆదివారం మంగళగిరి బస్సెక్కాను. మా అక్కని అక్కడిచ్చారు. బావగారికి చీరల కొట్టు. ఊరంతా మగ్గాల చప్పుడు, ఎక్కడ చూసినా కొత్తచీరలు. ఆ ఊరికి పాతబట్ట కోసం వెళ్ళినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే అయి ఉంటాను.

"ఏంరా, ఇంత ఎండన పడొచ్చావు?" అంది అక్క.

"ఏం లేదక్కా. పాత నూలుచీరలేమైనా ఉంటే తీసుకెళ్దామని. ఇల్లు తుడవడానికి."

"ఇల్లు తుడవడానికి కృష్ణ దాటి వచ్చావా?"

"మెత్తటివైతే బాగుంటుందని."

"మీ నేలకి ఒళ్ళు కందుతుందా?"

బావగారు పేపరు చదువుకుంటున్నారు. తల ఎత్తలేదు గాని, పేపరు కదిలింది.

"ఎన్నో నెల?" అంది అక్క.

"ఏడు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వితే నేనూ ఏదో ఒకటి అని నవ్వేసేవాణ్ణి. అక్క నవ్వలేదు. లోపలికి వెళ్ళి ఓ పెద్ద మూట తెచ్చుకుని గడప దగ్గర కూర్చుని, ఒక్కొక్క చీరకీ కత్తెరతో అంచు కోసేయడం మొదలుపెట్టింది. జరీ ఉన్న అంచు పసిఒంటికి గీసుకుంటుందట.

"పురుడెవరు చూస్తారు? మీ అత్తగారు కూడా లేదాయె."

"పురుడు ఆస్పత్రిలోనే."

"ఆస్పత్రి వాళ్ళు రెండ్రోజులు ఉంచుకుంటారు. తర్వాత?"

"నువ్వొస్తావని..."

"మంచాన పడ్డ మా అత్తగారిని వదిలి వారం కంటే ఎక్కడుంటాను? ఆ తర్వాత సంగతి చెప్పు."

"పెద్దది ఉందిగా" అన్నాను.

కత్తెర ఆగింది. "దాన్ని గుంటూరు హాస్టల్లో వేస్తున్నానని ఉగాదికి వచ్చి ఊదరగొట్టిపోయావు?"

పెద్దది ఉందిగా అన్న మాట నేను ఆలోచించి అన్నది కాదు. ఆలోచించకుండానే, మంచినీళ్ళు అడిగినంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది. అంటే ఎప్పట్నుంచో లోపల తయారై కూర్చుందన్నమాట. కడుపు సంగతి కూతురికి చెప్పలేక సిగ్గుపడుతున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. చెబితే హాస్టలు మానుకోమనే ఈ రెండో మాట కూడా చెప్పాల్సి వస్తుందని, అసలు సిగ్గు దానికేనని, అక్క గుమ్మంలో అర్థమైంది. అర్థమయ్యాక కూడా అక్క పెట్టిన పెరుగన్నం తిన్నాను. బాగానే ఉంది.

తిరిగొచ్చే బస్సులో పాత విద్యార్థి ఒకడు లేచి సీటిచ్చాడు. "మంగళగిరి చీరలాండీ?" అన్నాడు మూట చూసి. "ఆఁ" అన్నాను. అబద్ధం కాదు. ఎదురుగా డ్రైవరు వెనకాల కుటుంబ నియంత్రణ వాళ్ళ ఎర్ర త్రికోణం బొమ్మ. అందులో తల్లీ తండ్రీ, నవ్వుతూ ఇద్దరు పిల్లలు. బ్యారేజీ దాటేదాకా కిటికీలోంచి నీళ్ళు చూస్తూ కూర్చున్నాను.

భవానీపురంలో దిగి ఇంటికి వచ్చేసరికి అమ్మాయి వరండాలోనే ఉంది. మూట అందుకుని విప్పింది. ఓ చీర తీసి చెంపకి ఆనించుకుని చూసింది.

"అత్తయ్య అంచులు కూడా కోసేసిందే" అంది.

"ఇల్లు తుడిచేటప్పుడు అడ్డమొస్తాయని."

నాకేసి చూసింది. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అమ్మాయి ఆవిడ పక్కనుంచే లోపలికి పోయి, స్టీలు బేసిన్లో పిండి మరో గిన్నెలోకి తీసి, బేసిను కడిగి, అందులో వేడినీళ్ళూ సబ్బుపొడీ వేసి చీరలు నానబెట్టింది. తర్వాత ఉతికి డాబా మీదికి పట్టుకెళ్ళింది.

డాబా మెట్లు మా వరండా పక్కనే. పైన మాట్లాడితే కింద వినపడుతుంది. నేను పేపరు తెరిచి కూర్చున్నాను. ఎండిన అప్పడాలు తీసుకోవడానికి వెళ్ళిన ఇంటిగలావిడ అప్పటికే పైనుంది.

"ఏమిటమ్మాయ్, ఇన్ని పాతచీరలు? అంచులు కూడా లేవు."

"పొత్తిగుడ్డలండీ. అమ్మకి ఏడో నెల."

మామూలు గొంతుతోనే అంది. అయినా అటు పక్క డాబా మీదున్న వాళ్ళకి కూడా వినపడి ఉంటుంది.

"ఓసినీ. మీ నాన్నగారు అద్దె ఇచ్చేటప్పుడు గంటసేపు కబుర్లు చెబుతారు, ఈ ముక్క చెప్పనేలేదే?"

"ఆయన మాకే ఇంకా చెప్పలేదండీ."

ఇంటిగలావిడ నవ్వు మెట్లమీదుగా కిందికి వచ్చింది. వంటింట్లో మా ఆవిడ పమిట తీసి ముఖం తుడుచుకోవడం కనపడింది. ఏడ్చిందేమో అనుకున్నాను. కాదు, చెమట. చాలా రోజుల తర్వాత పమిట నడుముకి దోపుకుని, కిటికీ తలుపులు బార్లా తీసి నిలబడింది.

అమ్మాయి ఖాళీ బేసిను చంకన పెట్టుకుని దిగి వచ్చింది. చేతులు సబ్బుకి పాలిపోయి ఉన్నాయి. నేను పేపరు మడిచాను. ఏదో ఒక జోకు వేద్దామని నోరు తెరిచాను కూడా. అదే ఇన్నాళ్ళూ నా అలవాటు. ఒక్కటీ తోచలేదు.

"వాము నీళ్ళు" అన్నాను చివరికి. "గ్యాస్‌కి కాదన్నమాట."

"అరగడానికి ఎవరికైనా మంచిదే" అంది. బేసిను వంటింటి గట్టు మీద బోర్లించి వచ్చి, నా ఎదురుగా స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"మీ సిగ్గు ఎప్పటికి తీరుతుందో నాకు తెలీదు నాన్నా. హాస్టల్లో చేరడానికి ఎల్లుండే ఆఖరు."