ఆ సూది నొప్పి పెట్టలేదు

నా చిన్నప్పుడు ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో మా పక్కింటి చైనా ఆంటీ నా చేతిలో జానెడు సూది దింపింది. ఇటు గుచ్చితే అటు వచ్చింది. నేను పెట్టిన కేకకు వీధి చివర బస్సు ఆగిపోయింది. ఈ కథ తెలుగువాళ్ళ భోజనాల్లో ఎన్నోసార్లు చెప్పాను. లండన్ పక్కన హేస్‌లో చెప్పినప్పుడు బస్సు ఒక్కటే ఉండేది, బేసింగ్‌స్టోక్ చేరేసరికి అంబులెన్సు కూడా కలిసింది. అందరూ పడీపడీ నవ్వుతారు. ఈ వయసులో ఆ బస్సునీ అంబులెన్సునీ తీసేసి, మిగిలింది చెప్పాలనిపిస్తోంది.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. నాన్న ఆసుపత్రిలో చిన్న డాక్టరు, డ్యూటీల రోటా దయతలిస్తేనే ఇంట్లో కనిపించేవాడు. అమ్మకు ప్రతి నెలా, నెలసరి మొదలైన రోజే, ఒకవైపు తలనొప్పి పట్టుకునేది. వెనక గదిలో కర్టెన్లు వేసుకుని, పక్కన బకెట్టు పెట్టుకుని పడుకునేది. వెలుతురు పడకూడదు, చెంచా చప్పుడు కాకూడదు. నాన్న ఇచ్చిన మాత్రలు వాంతిలో పోయేవి. ఓర్చుకోలేనప్పుడు గోడకు తల ఆనించి మెల్లగా కొట్టుకునేది. నేను లెక్కలు చేసుకుంటున్న వంటింటి బల్ల దాకా ఆ చప్పుడు వినిపించేది.

పైగా అవి దూరంగా ఉండే రోజులు. కోనసీమ నుంచి అమ్మ ఆ పట్టింపును కూడా వెంట తెచ్చుకుంది. మూడు రోజులు మమ్మల్ని ముట్టుకునేది కాదు. గుమ్మంలో నిలబడితే, "దగ్గరికి రాకు నాన్నా" అనేది. బాధతో అంటోందో, ఆచారంతో అంటోందో నాకు తెలిసేది కాదు. నన్ను చూస్తేనే అమ్మకు తలనొప్పి వస్తుందని చాలాకాలం నమ్మాను.

మాదీ పక్కింటిదీ ఒకటే గోడ. ఆ ఇంట్లో ఉండే చైనా ఆంటీ భర్త టేక్‌అవే భోజనాల కొట్టు నడిపేవాడు. ఆమె మాత్రం తన తండ్రి దగ్గర నేర్చుకున్న ఆక్యుపంక్చర్‌ను ముందుగదిలో తెలిసినవాళ్ళకు చేసేది. గోడ అవతలి నుంచి ఎన్ని నెలలు విన్నదో, ఒక మధ్యాహ్నం వచ్చి అమ్మను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. "సూదులతో తలనొప్పి పోతే మేమంతా ఎందుకు చదివినట్టు?" అని నాన్న అన్నాడే గాని, వద్దనలేదు.

సూదులు చూసి అమ్మ చేతులు వెనక్కి లాక్కుంది. ముందు ఎవరికైనా పెట్టి చూపిస్తానంది ఆంటీ. అమ్మ వెంట వెళ్ళిన నేను చెయ్యి చాచాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వెంట్రుకంత సన్నటి సూది పెట్టింది. ఏమీ కాలేదు. కాస్త బరువుగా అనిపించిందంతే. తలెత్తి చూశాను. అమ్మ చూపంతా నా మీదే ఉంది. ఏం బుద్ధి పుట్టిందో, గావుకేక పెట్టాను.

అమ్మ తలనొప్పి మరిచిపోయింది, దూరం మరిచిపోయింది. ఒక్క ఉదుటున లేచి నన్ను కావలించుకుంది. "నా తండ్రే, నా బాబే! వద్దమ్మా, ఈ సూదులొద్దు, మాకేమీ వద్దు" అంటూ ఏడ్చింది. ఆమె నుదుటి బామ్ నా చెంపకు అంటి చల్లగా మండింది. ఆ మంట కూడా బాగుంది. వారం రోజులు చేతికి రుమాలు కట్టుకుని కుంటుతూ నడిచాను. "చేతికి గుచ్చితే కుంటుతావేంట్రా?" అన్నాడు నాన్న.

ఆ తర్వాత అమ్మ పక్కింటి గడప తొక్కలేదు. ఏడు నెలలు. ప్రతి నెలా గోడ మీద ఆ చప్పుడు మొదలయ్యేది, నేను పెన్సిలు కింద పెట్టి చెవులు మూసుకునేవాణ్ణి. నిజం చెబితే ఆగుతుందని తెలుసు. నోరు రాలేదు. ఆంటీ వీధిలో ఎదురైనప్పుడు నా చేతిని తిప్పి చూసేది, మళ్ళీ మూసేది.

ఎనిమిదో నెలలో ఒకరోజు ఆ చప్పుడు ఆగి, అమ్మ పైకే ఏడుపు అందుకుంది. నేను పరుగున పక్కింటికి వెళ్ళి చెయ్యి చాచాను. ఆంటీ సూది పెట్టింది. దాన్ని చేతిమీద నిలబెట్టుకుని, ఒలికిపోయే పాలగిన్నె మోస్తున్నట్టు నడిచి అమ్మ గుమ్మంలోకి వచ్చాను. ఆంటీ నా వెనకే ఉంది.

"నొప్పి లేదమ్మా" అన్నాను.

"అబద్ధాలాడకు."

"అప్పుడూ లేదమ్మా."

అమ్మ లేచి కూర్చుంది. "మరి ఎందుకు అరిచావురా?"

"ఊరికే అరిచాను. నువ్వొచ్చి పట్టుకున్నావు. అందుకని చెప్పలేదు."

అమ్మ కళ్ళు చికిలించుకుని నన్ను చూసింది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు. రెండు చేతులూ ఆంటీ వైపు చాచింది. సూదులు పెట్టించుకుని, కళ్ళు మూసుకునే "ఇటు రారా" అంది. ఇవాళ దూరం కదా అన్నాను. "రారా" అంది మళ్ళీ. వెళ్ళి ఆమె భుజానికి తల ఆనించాను.

భోజనాల్లో చెప్పే కథలో తలనొప్పి ఆ రోజుతోనే మాయమవుతుంది. అదీ నా కల్పనే. ఆ రోజు కాస్త సద్దుమణిగింది. తర్వాత ప్రతి నెలా తేదీకి ముందే వెళ్ళి సూదులు పెట్టించుకునేది. కొన్ని నెలలు రాలేదు, కొన్ని నెలలు తేలిగ్గా వచ్చి పోయింది, కొన్నిసార్లు మునుపటిలాగే పడగొట్టింది. అయినా, వచ్చే నెలంటే ఆమెకు ఉన్న భయం తగ్గింది. నేను చేసిన పనిని నాన్నకు కూడా అమ్మ చెప్పలేదు, తను పోయేదాకా ఎవరికీ చెప్పలేదు. ఒక్కసారి తిట్టి ఉంటే ఆ ఏడు నెలలు నన్ను ఇంతకాలం వెంటాడేవి కావేమో.

నేను పట్టిన చేపనీ, ఉద్యోగంలో వెలగబెట్టిన ఘనకార్యాలనీ ఇప్పటికీ పెంచే చెబుతాను. నొప్పి దగ్గర మాత్రం నోరు కట్టేసినట్టవుతుంది. మోకాళ్ళ నొప్పులకు క్లినిక్కుకు వెళితే, పదికి ఎంత ఉంది నొప్పి అని అడుగుతుంది డాక్టరమ్మ. "ఎనిమిదని చెప్పండి, లేకపోతే స్కానింగుకు రాయరు" అని మా ఆవిడ తెలుగులో గొణుగుతుంది. ఉన్నదానికి ఒక్కటి ఎక్కువా కాకూడదు, తక్కువా కాకూడదు. అది ఎంతో తేల్చుకోవడానికి కాసేపు కళ్ళు మూసుకుంటాను. పాపం డాక్టరమ్మ, భరించలేకపోతున్నాననుకుని, మంచినీళ్ళు తెచ్చి చేతికిస్తుంది.