బాపమ్మ తాగిన దోసిలి

మొన్న ఆదివారం పొద్దున్నే మా మనవరాలు ఈత బట్టలు వేసుకుని, కళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని ఉరికింది. ఎంత ఉత్సాహంగా వెళ్లిందో అంత నీరసంగా తిరిగొచ్చి, మూతి ముడుచుకుని సోఫాలో కూలబడింది. పంజాగుట్టలో మా అమ్మాయి వాళ్ల అపార్ట్‌మెంటుకు ఒక ఈతకొలను ఉంది, సెలవులొస్తే పిల్లలకు అదే లోకం. ఆ రోజు దాని గేటుకు తాళం వేసి, నీళ్ల పరీక్ష ఫలితం బాగా రాలేదని, మందు కలిపి మళ్లీ చూసేదాకా ఎవరూ దిగవద్దని కాగితం అంటించారట. "నీళ్లు అద్దం లెక్క ఉన్నయ్ అమ్మమ్మా, ఉట్టిగనే మూసిన్రు" అని దాని గోడు. ఓదార్చవలసింది పోయి నవ్వేశాను. దాని ఈడులో నేనూ ఇదే మాట అని, ఇలాగే మూతి ముడుచుకుని కూర్చున్నాను మరి.

ఇప్పుడు అమీర్‌పేటలో మెట్రో దిగి, కోచింగు సెంటర్ల బోర్డుల మధ్య దారి వెతుక్కునే పిల్లలకు చెబితే నమ్మరు గానీ, నా వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మధురానగర్ వైపంతా ఒకప్పుడు పొలాలు, ఆకుకూరల మడులు. నాయన సేద్యం వదిలి ఖైరతాబాద్‌లో ఒక సర్కారు ఆఫీసులో కుదురుకున్నా, పెద్దనాయన మాత్రం ఆ మడులను, వాటి నడుమ ఉన్న రాతి మెట్ల బావిని వదల్లేదు. ఎండాకాలం సెలవులొస్తే నేనూ, పెద్దనాయన పిల్లలూ ఆ బావిలోనే ఈదేవాళ్లం. ఆడపిల్లకు ఈతెందుకని అమ్మ గొణిగేది గానీ, లంగా గోచీ పెట్టి నన్ను ముందు దింపేది పెద్దనాయనే.

ఈత నేర్చుకోవడమంటే మాకు సొరకాయ బుర్రలు. బాగా ఎండిన బుర్రలను పాత చీర పేలికతో నడుముకు కట్టి నీళ్లలోకి తోసేవాడు పెద్దనాయన. మొదట పెద్ద బుర్రలు, చేతులు ఆడడం వచ్చాక చిన్నవి, ఆ తరువాత ఒక మంచి రోజున అసలేమీ లేకుండా. బుర్ర విప్పిన రోజున పెద్దమ్మ బెల్లమన్నం వండేది. నాకు ఇప్పటి మా మనవరాలి ఈడున్న ఏడు విప్పవలసింది నా బుర్రే. సెలవులకు ముందు నుంచే బడిలో అందరికీ చెప్పుకుని తిరిగాను.

అయితే ఏటా మొదటిసారి బావిలో దిగడానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పూడిక తీయించి, ఊట నీళ్లు తేటపడ్డాక, బాపమ్మ, అంటే మా నాయన తల్లి, కర్ర పట్టుకుని మెల్లగా మెట్లు దిగి, దోసిలి నిండా నీళ్లు తీసుకుని తాగేది. తియ్యగున్నాయనేది. అయినా ఆ రోజు మమ్మల్ని దిగనిచ్చేది కాదు. "గీ పొద్దు నేను తాగిన. రేపు మీరు దిగుండ్రి" అనేది, ఇక ఆ మాటకు తిరుగు లేదు. గంగమ్మకు మొక్కేమో అనుకునేవాళ్లం. ఆ ఒక్క రోజు మాకు గడిచేది కాదు, గట్టు మీద కూర్చుని నీళ్లలోకి రాళ్లు విసురుతూ బాపమ్మను తిట్టుకునేవాళ్లం.

ఆ ఏటికి పై గడ్డన కొత్త ఇళ్లు లేచాయి, వాటి వెనకే మరుగుదొడ్ల గుంతలు. బావి నీళ్లు మాత్రం ఎప్పటిలాగే తేటగా, చల్లగా ఉన్నాయి. పెద్దనాయన కూడా నోట్లో పోసుకుని చూసి, పుక్కిలించి ఉమ్మేసి, పిల్ల ఎదురుచూస్తోంది, ఈ ఏడు ఇవాళే దింపుదామన్నాడు. అప్పటికే నా నడుముకు చిన్న బుర్ర కట్టి ఉంది, ఒక మునకేశాక దాన్ని విప్పుతానని మాటిచ్చాడు. బాపమ్మ దోసిలెడు తాగి, మూతి తుడుచుకుని, నా నడుం చుట్టూ ఉన్న పేలిక ముడి తన చేతులతోనే విప్పేసింది. "తియ్యగనే ఉన్నయ్ బిడ్డా, గని జర ఆగు" అంది. నేను ఏడ్చాను. నీళ్లు అద్దంలా ఉన్నాయి కదా అని కాళ్లు నేలకేసి కొట్టాను.

మరునాడు తెల్లారేసరికి బాపమ్మ లేవలేకపోయింది. వాంతులు, విరేచనాలు, కళ్లు లోతుకు పోయాయి, చేతులు చల్లబడ్డాయి. పెద్దనాయన రిక్షాలో ఒళ్లో పడుకోబెట్టుకుని దవాఖానకు తీసుకుపోయాడు. నోట మాట సరిగా రాని ఆ స్థితిలో కూడా ఆమె అడిగింది ఒక్కటేనట. "పోరగాండ్లు దిగిన్రా?" దిగలేదని పెద్దనాయన చెప్పాక గానీ సెలైను సూది గుచ్చనివ్వలేదట.

ఆ వారమంతా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. అప్పుడే పెద్దమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. నాయన కంటే ముందు బాపమ్మకు ఒక ఆడపిల్ల ఉండేదట, మాకు మేనత్త కావలసింది. నీళ్లలో ఆడి వచ్చి, రెండు రోజులు వాంతులు చేసుకుని పోయిందట. అప్పటి నుంచీ ఈ పద్ధతి. రుచి కోసం కాదు, మొక్కూ కాదు. ఆ నీళ్లు తన కడుపులో ఒక పగలూ రాత్రీ ఏం చేస్తాయో చూసుకుని గానీ మమ్మల్ని దింపేది కాదు. ఏటా మేము గట్టు మీద కూర్చుని తిట్టుకున్నది ఆ పరీక్షనే. నాకు ఏడుపు ఆగలేదు.

బాపమ్మ బతికింది, చిక్కి సగమై ఇంటికొచ్చింది. బావిలో మాత్రం మళ్లీ ఎవరూ దిగలేదు. ఆ నీళ్లు కొన్నాళ్లు మడులకు పారాయి, తరువాత అదీ లేదు, ఆ పైన బావే పూడిపోయింది, ఇవాళ అక్కడొక హాస్టలు ఉంది. నా చిన్న బుర్రను పెద్దనాయన వంటింటి దూలానికి వేలాడదీశాడు, పెద్దమ్మ అందులో మెంతులు పోసుకుంది. నాకు ఈత రానే లేదు.

రెండు రోజులకు కొలను తాళం తీశాక మనవరాలితో పాటు నేనూ అక్కడికి వెళ్లాను. అక్కడి మనిషి ఒక చిన్న కాగితం ముక్క నీళ్లలో ముంచి, దాని రంగు చూసి, ఇక దిగవచ్చన్నాడు. పిల్లలంతా ధబాలున దూకారు. నేను మెల్లగా గట్టు మీద కూర్చుని, ఎందుకో తెలియదు, వంగి దోసిలి నిండా నీళ్లు తీసుకుని నోటి దగ్గరికి తెచ్చుకున్నాను. మందు వాసన గుప్పుమంది. "అమ్మమ్మా, తాగొద్దు! గలీజు నీళ్లు!" అని నీళ్లలోంచి నా చిట్టితల్లి కేక.

ఒలకబోశాను. మంచి కాలమే వచ్చింది, ఇప్పుడు పిల్లల కోసం ఏ ముసలమ్మా తన కడుపును పణంగా పెట్టనక్కర్లేదు, ఆ పనేదో కాగితం ముక్క చేసిపెడుతోంది. నాకు సంతోషమే. కానీ ఆ తడి చేతులు చీర చెంగుకు తుడుచుకుంటుంటే, నా నడుము దగ్గర ముడి విప్పిన ఆ ముడతల చేతులు ఎంత గుర్తొచ్చాయో.