ఈ బండి ఎవరిది?

సోమవారం పొద్దున ఆఫీసు తాళం ఇంకా తీయలేదు, కబురు వచ్చింది. మా బడేబాబు పోయారు. రాత్రి గుండెల్లో నొప్పి అన్నారట, తెల్లారేసరికి అయిపోయింది.

గోండు పల్లెల నడుమ ఉన్న బీజాపూర్‌లో ఇప్పపువ్వు, చింతపండు కొనే చిన్న సొసైటీ మాది. హెడ్ గుమాస్తాని ఇక్కడ బడేబాబు అంటారు. ఆయన ఎదుటి టేబుల్ నాది. కబురు వినగానే మా క్యాషియర్ అన్న మొదటి మాట, "పాపం, ఆ కాళ్లతో ఎంత కష్టపడ్డాడో." నాకు ఏడుపుకన్నా ముందు కోపం వచ్చింది. మనిషి పోయింది గుండెతో. కాళ్లు చిన్నప్పుడే పోలియోతో పోయాయి, వాటి గురించి ఆయన బాధపడగా నేనెప్పుడూ చూడలేదు. ఆయన్ని బాధపెట్టినవి మోటారు సైకిళ్లు.

మా ఆఫీసు మెట్ల పక్కన చక్రాల కుర్చీ ఎక్కడానికి సిమెంటు ర్యాంపు ఉంది. పైనుంచి ఎవరో సాబ్ తనిఖీకి వస్తున్నాడని హడావిడిగా కట్టారు. సాబ్ వచ్చాడు, దాని పక్కన నిలబడి ఫొటో దిగాడు, వెళ్లిపోయాడు. ఆ మర్నాటి నుంచి అది బండ్లు పెట్టుకునే చోటయింది. నీడ దాని మీదే పడుతుంది మరి. రోజూ పొద్దున బడేబాబు కుర్చీ ఆ ర్యాంపు కింద ఆగేది. "ఈ బండి ఎవరిది?" అని తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి, ఎవరూ రాకపోతే గోండీలో ఇంకోసారి అడిగేవారు. అరిచేవారు కాదు. హాజరు పిలిచినట్టు అడిగేవారు.

"ఎందుకు కాకా, నలుగురం ఉన్నం గద, కుర్చీతోటే ఎత్తుకపోతం" అనేవాళ్లు మా కుర్రకారు. బండి తీయడానికి బద్ధకం, మనిషిని మోయడానికి మాత్రం ఎక్కడలేని ఉత్సాహం.

"నన్నెత్తే నలుగురు ఎట్లయినా ఒకనాడు వస్తరు. అప్పటిదాంక బండి పక్కకు వెట్టుర్రి" అనేవారు ఆయన.

నవ్వేవాళ్లు. తీసేవాళ్లు. మర్నాడు మళ్లీ అక్కడే పెట్టేవాళ్లు. ఓసారి విసుగెత్తి, "వీళ్లకి చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే" అన్నాను. ఆయన కాగితాల్లోంచి తలెత్తి, "చెవిటోడు ఏం జేసిండు బిడ్డా? చెవులున్నోళ్లే గద ఇనంది" అన్నారు. ఆ సామెత నేను మళ్లీ వాడలేదు.

కంప్యూటర్ పనికి వికలాంగుల కోటాలో ఒక పోస్టు వచ్చినప్పుడు ఉసూరు అనే ఊరి వైపు పల్లె నుంచి ఒక అమ్మాయి వచ్చింది. తనదీ చక్రాల కుర్చీయే. ఇంటర్వ్యూలో కాగితాలు అందించడానికి బడేబాబు, రాసుకోవడానికి నేను కూర్చున్నాం. ఎలా వస్తావు, వానల్లో వాగు పొంగితే ఏం చేస్తావు, తోడు ఎవరుంటారు, పెళ్లయితే ఎలా? మేనేజర్ సాబ్ అడిగినవన్నీ ఇవే. పని గురించి ఒక్క ప్రశ్న లేదు. ఆ పిల్ల తల అంతకంతకూ కిందికి పోతోంది, నా పెన్ను కాగితాన్ని చింపేలా ఉంది. బడేబాబు మెల్లగా హిందీలో అన్నారు, "సాబ్, కాళ్ల సంగతి సర్టిఫికెట్‌లో ఉంది. చేతుల సంగతి అడగండి." అప్పుడు టైపు చేయమన్నారు. చేసింది. ఉద్యోగం వచ్చింది.

వచ్చి ఏం లాభం? ఎవరూ పని ఇవ్వరు. "ఆరామ్‌గా కూర్చో బేటీ, నీకెందుకు శ్రమ" అంటారు మేనేజర్ సాబ్. జీతమిచ్చి మూల కూర్చోబెట్టి, అదే గొప్ప ఉపకారమనుకునే మనుషులతో ఎలా పోట్లాడాలో నాకిప్పటికీ తెలియదు. బడేబాబు పోట్లాడలేదు. చింతపండు సీజను రాగానే స్టాకు లెక్కలు తీసుకెళ్లి ఆ పిల్ల ముందు పెట్టారు. తప్పులు చేస్తే మమ్మల్ని తిట్టినట్టే తిట్టారు. ఆ సాయంత్రం తను నా దగ్గరికొచ్చింది. కళ్లలో నీళ్లు, మొహాన నవ్వు.

"బడేబాబు నన్ను తిట్టిండు అక్కా. ఈ ఆఫీసుల నన్నెవరన్న తిట్టుడు ఇదే మొదలు."

ఒక్క విషయంలో మాత్రం ఆ పిల్ల మీద ఆయనకి చిరాకు. పొద్దున ర్యాంపు దగ్గర ఆయన వెనక ఆగేది, నోరు విప్పేది కాదు. "నేనడుగుతుంటే నువ్వు ఊకుంటున్నవు. రేపు నేను లేకుంటే బయటనే కూసుంటవా?" అనేవారు. తను తల దించుకునేది. ఆయన పోయారని తెలిశాక నాకు పట్టుకున్న దిగులు కూడా అదే.

ఆయన అన్న ఆ నలుగురూ వచ్చారు, ఎత్తారు. అందులో ఇద్దరివి రోజూ ర్యాంపు మీద ఉండే బండ్లే.

మూడో నాడు ఆఫీసు వరండాలో సంతాపసభ పెట్టారు. నేను వెళ్లేసరికి ర్యాంపు మీద ఒక్క బండి లేదు. బుద్ధి వచ్చిందనుకున్నాను. దగ్గరికెళ్తే తెలిసింది, బండ్లు తీసింది టేబుల్ వేయడానికట. ర్యాంపు మొదట్లో టేబుల్, దాని మీద దండేసిన బడేబాబు ఫొటో, అగరొత్తులు. వచ్చిన వాళ్లు పూలు వేయడానికి అక్కడైతే వీలుగా ఉంటుందట. ఏం చెప్పాలి వీళ్లకి? పైన మేనేజర్ సాబ్ మైకు పట్టుకుని, ఆయన మనందరికీ స్ఫూర్తి అంటున్నారు.

నేను మెట్లెక్కబోతూ వెనక్కి చూశాను. ఆ పిల్ల టేబుల్ అవతల, ఎండలో కుర్చీ ఆపుకుని ఉంది. ఎప్పటిలాగే తల దించుకుని. నేనే అరుద్దామని నోరు తెరిచాను.

"ఈ టేబుల్ ఎవరిది?"

అడిగింది తను. ఎవరూ కదలలేదు. ఈసారి హిందీలో అడిగింది, కొంచెం గట్టిగా. మైకు ఆగిపోయింది.

కుర్రకారులో ఇద్దరు పరుగున వచ్చి టేబుల్ పక్కకి లాగారు. ఫొటో ఎక్కడ పెట్టాలో తెలియక ఒకడు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. "నాకియ్యి" అంది ఆ పిల్ల. ఫొటో ఒళ్లో పెట్టుకుంది. దండ చక్రంలో పడకుండా దాని అంచు నేను పైకి మడిచాను. తను రెండు చేతులతో చక్రాలు తిప్పుకుంటూ, బడేబాబుని తీసుకుని ర్యాంపు ఎక్కింది.