గౌరి పిన్ని కాల్చని తూటా

ఆడదాని చేతిలో తుపాకీ కనబడితే ముందు నవ్వేది మీరే. కాదనకండి, ఈరోజు మలేషియాలోని సుంగై సుమున్‌లో మా పిన్ని తోట దగ్గర నవ్వినవాళ్లు మీలాంటివాళ్లే.

ఉడతలు లేత కొబ్బరికాయలన్నీ తొలిచేస్తున్నాయని గౌరి పిన్ని లైసెన్సు సంపాదించి ట్వెంటీటూ అనే చిన్న తూటాల రైఫిల్ కొన్నది. ఉదయం మట్టిగట్టుకు అట్టముక్క ఆనించి, కాల్చి చూసుకుంటూ గురి చూసే స్కోప్ మరలు ఓపిగ్గా సరిచేసింది. చివరికి తూటాలన్నీ ఉడత తలంత చోటులోనే పడ్డాయి. అంతలో నిజమైన ఉడతే వచ్చి కొబ్బరిగెల మీద కూర్చుంది.

"కాల్చు లా, ఒదినా! బయమైతే నాకియ్యి" అన్నాడు ఆమె మరిది అప్పన్న, మలయ్‌వాళ్లలా మాటకు 'లా' తగిలించి.

పిన్ని తూటా బయటికి తీసేసింది. "నీకిస్తే నా లైసెన్సు పోద్ది. ఆ ఎనక పిల్లలు బడికెళ్లే రోడ్డుంది. తప్పిన తూటా ఎక్కడ దిగుద్దో నువ్వు సెప్తావేటి?"

ఉడత తీరిగ్గా కాయ తినేసి పోయింది. నష్టం పిన్నిదే, అయినా ఆమె గురి మీద నాకు గౌరవం రెట్టింపైంది.

ఇక నా డిమాండ్లు:
ఆమెను చూసి నవ్వడం ఆపండి.
రైఫిల్ మరిదికి ఎప్పుడిస్తావని అడగడం మానండి.
తుపాకీ పట్టే ప్రతి మగాడూ ముందు ఉడత వెనక ఏముందో చూడాలి.
కాదనేవాళ్లు కింద రాయండి, నేను మేలుకునే ఉన్నాను.