పాస్తా మిషన్లో పసుపుతాడు

మొన్న ఆదివారం ఏమైందో వినండి. ఒక్క పూటలో నా తాళి, నా మొగుడు, ఒక ఇటలీ మిషను, మూడూ చేతులు దాటి పోయేట్టు అయిపాయె! నవ్వొద్దండమ్మా. ఇప్పుడు నేనూ నవ్వుతాను గానీ, ఆ టైంలో నా ప్రాణం గొంతులో ఉన్నింది. టీ తాగతా వినండి, చల్లారిపోతుంది.

మీకు తెలుసు కదా, మూకండపల్లిలో మా ఇంట్లో తెల్లారితే చపాతీలే. ఫ్యాక్టరీ హాస్టళ్లకి పోతాయి. పిండి పిసికి పిసికి నా చేతులకి వేరే పని రాదు. ఏడాదికి ఒకసారి, మా ఆయన ఫ్యాక్టరీకి లీవు ఇచ్చినప్పుడు, నేనూ పొయ్యి ఆఫ్ చేస్తాను. ఈసారి మా కూతురు దివ్య, కోయంబత్తూరు హాస్టల్లో కూర్చోనే అంతా బుక్ చేసేసింది. రాయకోట దగ్గర ఒక ఫార్మ్ స్టే. "అమ్మా, మామిడి తోట ఉండాది, కొండ ఉండాది, నువ్వు చెయ్యి కూడా కదపక్కర్లేదు. అవ్వని కూడా పిలుచుకోని పో" అనింది.

సరే అని నేను, మా ఆయన మునిరాజు, బేరిగై నుంచి మా అత్త, ముగ్గురం కారేసుకోని పోయినాము. ఆడికి పోయినాక తెలిసింది, ప్యాకేజీలో ఇటాలియన్ కుకింగ్ క్లాసు కూడా ఉండాదని! చూసేది కాదు, మనమే చేసేదంట. వంటకి లీవు పెట్టి, వంట చేసేదానికి పోయినాను చూడండి!

మా ఆయన క్లాసు మాట వినంగానే బూట్లు వేసుకున్నాడు.

"మీరు చేయండి. నేను కొండ మీద కోట ఎక్కి చూసి వస్తాను. పదకొండుకంతా వచ్చేస్తాను" అని పోయినాడు. 

"రాళ్ల మీద జాగ్రత్తప్పా!" అని అత్త గేటు దాకా పోయి అరిచింది. ఆయన చెయ్యి ఊపినాడు, అంతే.

క్లాసు వరండాలో. టీచరు నందిని మేడమ్, బెంగుళూరామె. ఇటలీలో ఒక ముసలామె ఇంట్లో ఉండి వంట నేర్చుకోని వచ్చిందంట. మాతో పాటు బెంగుళూరు నుంచి వచ్చిన ఒక జంట, కార్తీక్ అని సాఫ్ట్‌వేర్ అబ్బాయి, ఆయన పెళ్లాం. అత్త క్లాసులో చేరలేదు, పక్కన కుర్చీ వేసుకోని కూర్చునింది, ఏం తప్పు చేస్తానో చూసేదానికి.

మైదా కుప్ప పోసి, మధ్యలో గుంట చేసి, గుడ్లు కొట్టి పోసి, కలిపేది. కార్తీక్ గుంట తెగి గుడ్డంతా టేబుల్ మీదికి పారిపోయె. నేను? రెండు నిమిషాల్లో ముద్ద చేసి పెట్టినాను. మేడమ్ వేలితో నొక్కి చూసి, "సరోజమ్మా, పర్ఫెక్ట్! మీరు ముందే నేర్చుకున్నారా?" అనింది. అంతే, నాకు రెండు కొమ్ములు మొలిచినాయి.

ఆ తర్వాత మేడమ్ లోపల నుంచి ఒక మిషను తెచ్చింది. స్టీలుది, టేబుల్ అంచుకి బిగించింది. రెండు రోలర్లు, పక్కన తిప్పే హ్యాండిలు. ఆ ముసలామె తన మిషనే ఈమెకి ఇచ్చి పంపించిందంట. ఆ మాట చెప్తా ఉంటే మేడమ్ కండ్లలో నీళ్లు తిరిగినాయి. నాకు అది వినే ఓపిక లేదు. ముద్ద చేతిలో ఉంది, మిషను ఎదురుగా ఉంది.

"నేను ఫస్ట్ చేస్తాను మేడమ్!"

కొంగు దోపుకున్నాను, అది గుర్తుంది. ముద్ద పైన పెట్టి తిప్పితే, కింద పట్టా మాదిరి సాగి వస్తా ఉంది. ఎంత బాగుందంటే, ఎట్ల వస్తా ఉందో దగ్గర నుంచి చూద్దామని వంగినాను. వంగినానా, జాకెట్టు లోపల ఉన్న తాళి బయటికి జారి, పిండి మీద పడె. నేను చూడలేదు. చెయ్యి తిప్పతానే ఉంది. మెడ దగ్గర ఎవరో లాగినట్టు అయ్యె. ఎవరబ్బా అని చూస్తే, నా పసుపుతాడు పిండితో పాటు రోలర్ల మధ్యలోకి పోతా ఉంది!

"అయ్యో! అయ్యో! స్టాప్!" అని నేనే అరిచినాను, తిప్పేది నేనే!

చెయ్యి వదిలేస్తిని. అప్పటికి ఒక తాళిబొట్టు లోపలికి పోయింది. నా మెడకి మిషనుకి మధ్య జానెడు తాడు మిగిలింది. మేడమ్ మాత్రం నిదానంగానే ఉంది. "ఏం కాదు. తల మీదుగా తీసేయండి, తర్వాత నిదానంగా లాగుదాం" అనింది. చెయ్యి ఎత్తినాను కూడా.

"ఏమ్మే! ముట్టుకోవద్దు!" అని అత్త కుర్చీలో నుంచి ఎగిరి లేచింది. "నా కొడుకు ఆడ కొండ మీద రాళ్లలో ఉన్నాడు. ఈడ నువ్వు మెడలో తాళి తీస్తావా?"

చెయ్యి కిందికి దించినాను.

"తీయొద్దు అంటే రివర్స్ తిప్పితే అయిపోతుంది ఆంటీ, సింపుల్" అని కార్తీక్ ముందుకి వచ్చినాడు. ఆయన పెళ్లాం "కార్తీక్, నో" అనే లోపల హ్యాండిల్ పట్టుకున్నాడు. టేబుల్‌కి అవతలి పక్క నిలబడినాడు కదా, ఆయనకి రివర్స్ అయ్యేది నాకు ఫార్వర్డ్. ఒక్క తిప్పు తిప్పినాడు. జానెడు తాడు కూడా లోపలికి పాయె! నా గడ్డం పోయి మిషన్‌కి తగిలింది. ముక్కుకి పిండి. ఇంక తల మీదుగా తీయాలన్నా తీసేదానికి లేదు, తాడు మెడ వెనకాల బిగుసుకోని ఉంది.

"సారీ ఆంటీ! సారీ! సారీ!"

"నువ్వు దూరంగా పోప్పా సామీ!" అన్నాను, మిషన్ లోపలికి మాట్లాడతా.

మేడమ్ సరైన పక్కకి తిప్పి చూసింది. కదల్లేదు. రోలర్ల సందు పెంచే గుండీ ఒకటి ఉండాది దానికి, అది తిప్పి చూసింది. అదీ కదల్లేదు. బొట్టు అంచు పోయి రోలరుకి, పక్క రేకుకి మధ్యలో దూరుకునింది. గట్టిగా తిప్పితే పండ్లు విరిగిపోతాయేమో అని ఆమె చెయ్యి తీసేసింది. మిషన్ పండ్లు చెప్తా ఉండేది, నావి కాదు.

మేడమ్ లోపలికి పోయి కత్తెర తెచ్చింది.

"సరోజమ్మా, తాడే కదా... కొత్త తాడు వేసుకోవచ్చు..."

అత్త ఆ కత్తెరకి, నా మెడకి మధ్యలో వచ్చి నిలబడింది. "ముందు నా మెడ కొయ్యి, తర్వాత ఆ తాడు కొయ్యి!"

"అయితే మునిరాజుని పిలవండి. వాడు చూసుకుంటాడు" అనింది అత్తే మళ్లీ. నిజమే. మా ఆయన టూల్ రూమ్‌లో ఫిట్టరు. మిషన్లు విప్పి బిగించేదే ఆయన బతుకు. పదకొండుకంతా వస్తానన్నాడు కదా, టైం చూస్తే పదకొండున్నర. ఫోన్ చేస్తే తమిళంలో ఒకామె చెప్తా ఉంది, స్విచ్ ఆఫ్ అని. మళ్లీ చేసినారు. మళ్లీ ఆమే.

అప్పుడే కొండ పక్క ఉరిమింది.

నాకు ఇట్లాంటి నమ్మకాలు లేవని ఇన్నాళ్లు చెప్పుకోని తిరిగేదాన్ని. శుక్రవారం ఇది చేయకూడదు, అది చేయకూడదు అని అత్త చెప్తే లోపల నవ్వుకునేదాన్ని. గడ్డం మిషన్‌కి ఆనించి, నడుం వంచి, ఉరుములు వింటా అరగంట నిలబడండి, అప్పుడు తెలుస్తుంది! వాన పడితే ఆ బండలు ఎట్ల జారతాయో నాకు తెలుసు. పొద్దున ఆయన సరిగా తిన్నాడో లేదో. పోయేటప్పుడు తల ఎత్తి ఆయన ముఖం కూడా చూడలేదు నేను, ఫోన్లో ఏదో చూస్తా ఉన్నాను. ఇవన్నీ ఒకటి తర్వాత ఒకటి వస్తా ఉన్నాయి. కండ్లలో నీళ్లు వచ్చి మైదాలో పడినాయి. 

"మేడమ్, తాడు కొయ్యొద్దు" అన్నాను. ఈసారి చెప్పింది అత్త కాదు, నేనే. "ఆయన వచ్చేదాకా ఇట్లనే ఉంటాను."

మేడమ్ ఒక దిండు తెచ్చి నా మోచేతుల కింద పెట్టింది. కార్తీక్ పెళ్లాం స్ట్రా వేసి నీళ్లు తాపింది. కార్తీక్‌ని కోట దారిలో చూసి రమ్మని పంపించినారు, ఆ హ్యాండిల్ దగ్గర ఉండకుండా ఉంటే చాలని. అత్త ఫోన్ పట్టుకోని వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకి తిరగతా ఉంది. నాకు కనిపించేది అందరి కాళ్లే. 

అంతలో ముక్కుకి వాసన తగిలింది.

"మేడమ్! వెల్లుల్లి మాడతా ఉండాది!"

ఆమె పరిగెత్తింది. పొయ్యి మీద టమాటా సాస్‌కని పెట్టింది మర్చిపోయినారు అందరూ. "ఉప్పు వేసినారా?" అని అడిగినాను. వేయలేదంట. "ఇప్పుడు వేయండి. మంట తగ్గించండి." క్లాసు ఆమెది, సాసు మాత్రం నేనే చేయించినాను, మిషన్‌కి కట్టేసినట్టు నిలబడి!

వాన మొదలయ్యె. పన్నెండు దాటె. కార్తీక్ తడిసి తిరిగి వచ్చినాడు, "ఎవరూ కనపడలేదు ఆంటీ" అన్నాడు. అత్త నేల మీద కూర్చోనే ఏడ్చేసింది. నేను ఏడ్చేదానికి కూడా లేదు, ముక్కు మూసుకుపోతే ఊపిరి ఆడదు.

అప్పుడు వరండాలో బురద బూట్లు కనపడినాయి. 

"ఏమైంది? ఎందుకు మిషన్‌కి మొక్కుతా ఉన్నావు?"

ఎన్నేండ్లు కాపురం చేసినా ఆ గొంతు అంత తియ్యగా ఎప్పుడూ వినలేదు. తిడదామని నోరు తెరిస్తే పిండి లోపలికి పాయె.

ఫోటోలు తీసి తీసి ఛార్జింగ్ అయిపోయిందంట. వానకి ఒక మండపంలో నిలబడినాడంట. అత్త ఆయన చేతులు, కాళ్లు తడిమి చూసింది. ప్యాంటు వెనకాల చిరిగి ఉంది.

"ఒకచోట జారినానమ్మా, ఏం కాలేదు."

"ఏ టైంకి జారినావు?"

"గడియారం చూసుకుంటా జారతానా?"

"తాళి లోపలికి పోయిన టైంకే జారి ఉంటావు!" అని అత్త అందరి వైపు తిరిగి చూసింది, ఇప్పుడేమంటారు అన్నట్టు.

మా ఆయన వంగి నా ముఖం చూసినాడు. తర్వాత మిషను చుట్టూ తిరిగి చూసినాడు. నన్ను చూసినదాని కంటే దాన్నే ఎక్కువసేపు చూసినాడు, అది వేరే మాట. "విప్పాల" అన్నాడు.

మేడమ్ ముఖం తెల్లబోయె. "సార్, దీనికి ఇప్పుడు స్పేర్ పార్ట్స్ దొరకవు. ఆమె... ఆ అవ్వ ఇప్పుడు లేదు కూడా."

ఆయన చేతులు తుడుచుకున్నాడు. "మేడమ్, మీకు ఆ అవ్వ ఎట్లనో, నాకు ఈమె అట్ల. ఇద్దరికీ ఏం కానియ్యను."

ఇట్లాంటి మాట ఆయన నోట్లో నుంచి నేను వినింది ఇదే మొదటిసారి. ముఖం కనపడలేదే అని ఎంత బాధ పడినానో!

కారులో నుంచి టూల్ కిట్ తెచ్చినాడు. గుడ్ల అట్ట ఒకటి అడిగి తీసుకున్నాడు. ఒక్కొక్క స్క్రూ విప్పి, గుడ్లు పెట్టే గుంటల్లో వరసగా పెట్టినాడు. పక్క రేకు వచ్చింది. ఒక చక్రం వచ్చింది. "టక్" అనింది ఏదో. మేడమ్ కండ్లు మూసుకునింది.

నా మెడ వదులయ్యె!

పసుపుతాడు తెగలేదు. ఒక బొట్టు అంచు కొంచెం వంగింది, అంతే. పిండి మాత్రం సందు సందునా దూరి, తాళి అంతా బజ్జీ మాదిరి ఉంది. అత్త దాన్ని కొంగుతో తుడిచి కండ్లకి అద్దుకునింది. నేను మా ఆయన్ని చూద్దామంటే తల పైకి లేవలేదు, షర్టు గుండీలే చూసినాను. అదీ చాలు.

ఆయన మిషన్ లోపల ఎన్నేండ్ల నుంచో ఎండిపోయిన పిండంతా గీకి, మళ్లీ బిగించి, హ్యాండిల్ తిప్పినాడు. శబ్దమే లేదు! మేడమ్ ఏడవాలా నవ్వాలా తెలీక రెండూ చేసింది. తర్వాత మెల్లగా, "సార్, మా గ్రైండర్ కూడా కొంచెం చూస్తారా?" అనింది. 

పాస్తా ఎట్లుండిందంటారా? నేను చేయించిన సాసు కదా, బ్రహ్మాండంగా ఉండింది. అత్త రెండుసార్లు పెట్టించుకోని, "మైదా సేమ్యానే కదా, దీనికా ఇంత రగడ" అనింది.

సాయంత్రం ఇంటికి పోదామని కారెక్కినాక, ఎవరికీ చెప్పొద్దని ముగ్గురం ఒట్టు పెట్టుకున్నాము. ఇంకా ఒట్టు పెట్టుకున్న చేతులు దించలేదు, దివ్య నుంచి ఫోన్. ఏడుస్తా ఉంది.

"అమ్మా, యాడ ఉన్నావు? బాగున్నావా? నువ్వు ఇటలీలో మిషన్లో పడిపోయినావంట కదా! నాయన కొండ మీద నుంచి జారిపోయినాడంట! బేరిగై నుంచి అందరూ ఫోన్లు చేస్తా ఉన్నారు. నేను బుక్ చేసింది రాయకోటకి కదా, నాకు చెప్పకుండా ఇటలీకి ఎప్పుడు పోయినావమ్మా?"

అత్త వైపు తిరిగినాము. ఆమె కారు కిటికీలో నుంచి మామిడి చెట్లు చూస్తా ఉంది. "మునిరాజు ఫోన్ దొరకలేదని, మా చెల్లెలికి ఒక్క మాట చెప్పినాను. ఒక్క మాటే" అనింది.

మరుసటి రోజు పొద్దున్నే ఆపిల్ పండ్లు, బ్రెడ్డు ప్యాకెట్లు పట్టుకోని మా ఇంటికి పదిమంది దిగినారు. జరిగింది జరిగినట్టు చెప్పినాను. ఒక్కరు కూడా నమ్మలేదు. పోయేటప్పుడు ఒక పెద్దామె నా చెయ్యి పట్టుకోని, "ఏమైనా కానీలేమ్మా, విమానంలో అంత దూరం క్షేమంగా వచ్చినావు, అదే చాలు" అనింది.

నాకు పాస్‌పోర్టే లేదండమ్మా! రాయకోట దాకా పోతేనే ఈ గతి. నిజంగా ఇటలీకి పోయి ఉంటే, ఆ దేశం మిగిలుండునా?