బావి అడుగున ఇసుకదొందులు

వరంగల్‌లో మా మగ్గాల వాడకంతటికీ ఒకటే చేదబావి. దాని అడుగున ఇసుకదొందులు ఉండేవి. వేలెడంత చేప, ఇసుక రంగు. పొట్టకింది రెక్కలు కలిసిపోయి చిన్న గిన్నెలా ఉంటాయి, వాటితోనే రాయిని పట్టుకుంటుంది. పైకి రాదు. ఎండాకాలం పూడిక తీసినప్పుడు తప్ప మాకు కనపడేది కాదు.

వాటిని వేసింది అమ్మే. పందొమ్మిది వందల నలభైల మొదట్లో ఆమె కాలికి నారికురుపు లేచింది. కురుపులోంచి బయటికొచ్చే దారంలాంటి పురుగును పుల్లకు చుట్టి రోజూ కొంచెం లాగేవారు. ఆ ఏడంతా రాట్నం ముందు కూర్చోలేకపోయింది. తాగే నీళ్లలోని నలుసు పురుగులతో అది వస్తుందనీ, చేపలు వాటిని తింటాయనీ ఎవరో చెబితే, కాలువలో పట్టించి బావిలో వదిలింది. మళ్లీ కురుపు లేవలేదు.

రెండేళ్లకు బావి పూడిక తీయించారు. బావిలోకి దిగినతను నీళ్లన్నీ తోడించి, చేపల్ని బొక్కెనలో పైకి పంపి, లోపలి నుంచే కేకేశాడు.

“అక్కా, పులుసు వెట్టు! ఒక్క ముద్దకన్న అయితయ్.”

“నీ కాలుకు లేస్తె తెలుస్తది పులుసు రుచి,” అంది అమ్మ.

బాపు వాకిట్లో చేతికందిన కాగులో నీళ్లు పోసి వాటిని వేశాడు. పొద్దు నడినెత్తికి రాకముందే అవి పైకి తేలి నోళ్లు తెరవసాగాయి. అడుగు వదలని చేప పైకి రావడం చూసి అమ్మను కేకేశాను. అమ్మ కాగులో వేలు ముంచి వాసన చూసింది.

“పడుగు నూలుకు గంజి వెట్టిన కాగు గాదా ఇది! కడిగినవా?”

అమ్మ ఇంట్లో మిగిలిన తాగే నీళ్లు మొత్తం ఇంకో కుండలో పోసి చేపల్ని అందులోకి మార్చింది.

“మరి మనకు?” అన్నాడు బాపు.

“ఊట వచ్చేదాక ఆగు.”

దాహంతో నేను బావి గట్టుకీ కుండకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. సాయంత్రానికి ఊట వచ్చింది, బురదగా. “జర తేటపడనీ అక్కా” అని పూడిక తీసినతను అంటున్నా వినక, అమ్మ చేపల్ని చేదలో దించేసింది. వాడ వాళ్లు ఆ నీళ్లే వడకట్టుకుని తాగారు. అమ్మ మాకూ పోసింది. తను మాత్రం, చేపలు బతికాయో లేదో తేలాకే అన్నట్టు, పెదాలు తడుపుకుని ఊరుకుంది.

మర్నాడు ఎండ నిటారుగా బావిలో పడింది. గట్టు మీద బోర్లా పడుకుని చూస్తున్నాను. అడుగున ఒకచోట ఇసుక పొగలా లేచి సర్దుకుంది. కాసేపటికి ఇంకోచోట.

“అమ్మా!”

వచ్చి వంగి చూసింది. మూడోసారి ఇసుక లేచాక చేద వదిలి, తోడి, కొంగు అడ్డంపెట్టి దోసిలి పట్టి తాగింది.